ఒక్క ఊపిరి గాలి

మూడేళ్లు గడిచినా నా పొర గాలిని నేననుకున్నట్టు విడదీయడం లేదు. ఆ రోజుల్లో నాకున్న బాధల్లా అదొక్కటే.

మండపేట నుంచి వచ్చి, హైదరాబాదులో తార్నాక దగ్గర ఒక గది అద్దెకి తీసుకుని, డాక్టర్ గులాం దస్తగీర్ గారి దగ్గర పరిశోధనలో చేరాను. పాలిమర్ల ల్యాబు. వరండా చివర ఆఖరి గది. గుమ్మంలో అడుగు పెట్టగానే టోలుయీన్ వాసన, వాక్యూమ్ పంపు మోత. ఇప్పటికీ ఎక్కడైనా కొత్తగా రంగు వేసిన గదిలోకి వెళ్తే నాకు మళ్లీ ఇరవై నాలుగేళ్లు వచ్చేస్తాయి.

దస్తగీర్ గారిది నంద్యాల. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్ల చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా మడిచి ఉండేవి. ఆయనకి పాఠం చెప్పడం రాదని మాలో మేం నవ్వుకునేవాళ్లం. ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, ఒక పని చెప్పేవారు. ఆ పని చేసేసరికి మనం అడిగిన ప్రశ్న ఎటో పోయి, దాని చోట ఇంకో ప్రశ్న వచ్చి కూర్చునేది.

"సార్, ఈ పొర ఎందుకు చిరుగుతోంది?" అని చేరిన కొత్తలో అడిగాను.

"నీ గాజు పలకలు ఎవరు కడిగినారప్పా?"

"నేనే సార్."

"ఇవాళ నేను కడుగుతా. నువ్వు తుడువు."

ఆయన కడిగారు, నేను తుడిచాను. గంటన్నర పట్టింది. ఆ రోజు ఆ పలకల మీద పోసిన పొర చిరగలేదు. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మేం చేయాల్సిన పని చెప్పుకోడానికి తేలికే. గాలిలో ఆక్సిజన్ అయిదో వంతే ఉంటుంది, మిగతాది దాదాపు అంతా నత్రజని. ఆ గాలిని ఒక పల్చని పొర గుండా అవతలికి లాగితే, అటు వచ్చే గాలిలో ఆక్సిజన్ పాలు పెరగాలి. సిలిండరుతో పని లేకుండా, కరెంటున్న ఏ ఇంట్లోనైనా, ఊపిరందని మనిషి ముక్కు దగ్గర ఆ గాలి అందేలా ఒక పెట్టె తయారుచెయ్యాలి.

అలాంటి మనిషి ఒకాయన మా కళ్ల ముందే ఉండేవాడు.

ఆశీర్వాదం గారు మా ల్యాబులో గాజుపని చేసి రిటైరైన మనిషి. బాపట్ల నుంచి కుర్రతనంలో వచ్చి, ముప్పైరెండేళ్లు మంట ముందు కూర్చుని, గొట్టం నోట పెట్టుకుని గాజుని ఊది ఊది మాకు ఫ్లాస్కులూ, మెలికల గొట్టాలూ, నానా రకాల సామానూ చేసిపెట్టాడు. ఎదురుగా మంట, పని అయ్యాక పొగచుట్ట. ఉద్యోగం దిగేసరికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. రోజుకి కొన్ని గంటలైనా ఆక్సిజన్ పెట్టుకోమని డాక్టరు చెప్పాడు. సిలిండరు ఇంటికి చేరాలంటే ఇద్దరు మనుషులూ ఒక రిక్షా కావాలి. అయిపోతే మళ్లీ వచ్చేదాకా గోడకి దిండు పెట్టుకుని, ముందుకి వంగి కూర్చోవడమే.

అయినా వారానికి ఒకసారి, గురువారం పొద్దున్నే, మెట్టుగూడ నుంచి రిక్షా కట్టించుకుని ల్యాబుకి వచ్చేవాడు. వరండా దాటడానికి మూడు చోట్ల ఆగేవాడు.

"ఎందుకండీ ఇంత కష్టపడి రావడం?" అంటే, "ఇంట్లో కూర్చుంటే నా ఊపిరి నాకే వినపడుద్ది బాబూ. ఇక్కడైతే మీ పంపు మోతలో కలిసిపోద్ది" అనేవాడు.

దస్తగీర్ గారు ఆయన్ని 'అన్నా' అని పిలిచేవారు. ఆయన కోసం కిటికీ పక్కన చేతుల కుర్చీ ఒకటి వేయించారు. ఆ కుర్చీలో ఇంకెవరం కూర్చునేవాళ్లం కాదు. అలాగని ఎవరూ చెప్పలేదు.

ఇక పొర సంగతి. సిలికోన్ అంటే ఒక పొడుగాటి గొలుసు. సిలికాన్, ఆక్సిజన్, మళ్లీ సిలికాన్, మళ్లీ ఆక్సిజన్, అలా వేల లంకెలు. ప్రతి సిలికాన్‌కీ చెరో పక్కా ఒక పరమాణువుల గుంపు అతుక్కుని ఉంటుంది. మామూలు సిలికోన్‌లో అవి రెండూ మిథైల్ గుంపులు. చాలా చిన్నవి. పక్కన బరువు లేదు కాబట్టి ఆ గొలుసు ఒకచోట నిలవదు, మెలికలు తిరుగుతూ, ఊగుతూనే ఉంటుంది. అది కదిలినప్పుడల్లా సందులు తెరుచుకుంటాయి. ఆ సందుల్లోంచి గాలి దూరిపోతుంది.

గాలి ధారాళంగానే దూరేది. కానీ ఆ పొరకి ఏరుకోవడం పెద్దగా తెలీదు. నత్రజని కంటే ఆక్సిజన్‌ని రెండు రెట్లు ఇష్టంగా వదిలేది, అంతే. అటువైపు వచ్చిన గాలిలో ఆక్సిజన్ నూటికి ముప్పై రెండు దగ్గర ఆగిపోయేది. ఎన్నిసార్లు చేసినా ముప్పై రెండే. ఆ అంకె నన్ను వెక్కిరిస్తున్నట్టుండేది.

అప్పుడు పక్క గుంపుల మీద పడ్డాను. ఒక మిథైల్ తీసేసి, దాని చోట ఫినైల్ పెట్టాను. ఫినైల్ అంటే ఆరు కార్బన్ల ఉంగరం. బల్లపరుపుగా, మిథైల్ పక్కన చూస్తే భారీగా ఉంటుంది. అది పక్కన చేరితే గొలుసు మునుపటంత తేలిగ్గా ఊగలేదు. సందులు తగ్గి, ఇరుకవుతాయి. ఇరుకైన సందులో ఎవరు ముందు దూరగలరన్నది తేలిపోతుంది. కాస్త లావైన నత్రజని వెనకపడుతుంది.

మొదట నూటికి పది సిలికాన్లకి ఫినైల్ తగిలించాను. తర్వాత ముప్పై. తర్వాత యాభై. ఒక్కో మెట్టుకీ ఆక్సిజన్ పాలు పెరుగుతూ వచ్చింది. చివరికి ప్రతి సిలికాన్‌కీ ఒక ఫినైల్ ఉన్న పొర పోశాను. ఆ పొరని పరీక్షించిన రోజు ఆక్సిజన్ మీటరు సూది నలభై ఒకటి మీదికి వెళ్లి నిలబడింది.

నలభై ఒకటి!

సంతోషం పట్టలేక వరండాలోకి పరిగెత్తి, ఎదురొచ్చిన వాళ్లందరికీ చెప్పాను. ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో మా వాళ్లందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు నా తరఫునే. అప్పటి దాకా 'మా పేర్రాజు ఇంకా ముప్పై రెండులోనే ఉన్నాడు' అని ఏడిపించిన వాళ్లే చేతులు కలిపారు.

పుణెలో జరగబోయే సభకి వ్యాసం రాయడం మొదలుపెట్టాను. ట్రేసింగు కాగితం మీద ఇండియన్ ఇంకుతో గ్రాఫు గీశాను. అడుగున ఫినైల్ ఎంత ఉందో, నిలువున పొర ఎంత బాగా ఏరుకుందో. ఒకటే గీత. ఎడమ నుంచి కుడికి, కింద నుంచి పైకి, ఎక్కడా వణక్కుండా ఎక్కింది. ఆ గీత మీద ఇంకు ఆరుతుంటే ఎంతసేపు చూశానో.

నా నోట్సులో ఇంకో వరస అంకెలు కూడా ఉన్నాయి. పొర గుండా నిమిషానికి ఎంత గాలి దాటిందో ఆ లెక్క. ఫినైల్ పెరిగిన కొద్దీ అది దిగుతూ పోయింది. చివరి పొరకి వచ్చేసరికి ఇరవై అయిదో వంతుకి పడిపోయింది.

ఆ వరస నేను దిద్దలేదు, దాచలేదు. నోట్సులో ఉన్నది ఉన్నట్టే ఉంది. కానీ వ్యాసంలోకి తీసుకురాలేదు. దాని సంగతి ఇంకో వ్యాసంలో చూసుకోవచ్చులే అనుకున్నాను. అలా అనుకోవడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదని ఇప్పుడు గుర్తొస్తే ఎలాగో ఉంటుంది.

బుధవారం మధ్యాహ్నం వ్యాసం తీసుకెళ్లి దస్తగీర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన సంతకం అయితే మర్నాడే పోస్టులో వేసేయాలి. శనివారంతో గడువు.

ఆయన నిలబడే చదివారు. ఒక్కో కాగితం తిప్పి బల్ల మీద బోర్లా పెడుతూ చదివారు. గ్రాఫు దగ్గర ఆగారు.

"గీత బాగుందప్పా," అన్నారు.

నా మొహం వికసించి ఉంటుంది.

"ఆశీర్వాదం అన్నకి చూపించినావా?"

నాకు నవ్వొచ్చింది. "ఆయనకేం అర్థమవుతుంది సార్, ఇది?"

దస్తగీర్ గారు నా వైపు చూడలేదు. చేతిలో పెన్ను మూత తీసి ఉంది. మెల్లిగా మూత పెట్టి, జేబులో పెట్టుకున్నారు.

"రేపు గురువారం. అన్న వస్తాడు. నీ కొత్త పొరలన్నీ పెట్టెకి బిగించి పెట్టు."

"సంతకం సార్?"

"రేపు చూద్దాం."

ఆయన ఆశీర్వాదం గారి ముందు నా పని ప్రదర్శించబోతున్నారనుకున్నాను. సాయంత్రం దాకా కూర్చుని మా నమూనా పెట్టెలోని ఇరవై ఫ్రేములకీ కొత్త పొర బిగించాను. ఒక్కో ఫ్రేము అరచేయంత వెడల్పు. అన్నీ కలిపి పుస్తకాల కట్టలా పెట్టెలో అమర్చి, పంపుకి తగిలించి, ఎక్కడా లీకు లేదని చూసుకున్నాను. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

ఆశీర్వాదం గారు అప్పటికే కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, పెదాలు సున్నాలా చుట్టి ఊపిరి వదులుతున్నాడు. వరండా అలసట ఇంకా తీరలేదు.

దస్తగీర్ గారు నన్ను పక్కకి పిలిచి ఒక రబ్బరు సంచి ఇచ్చారు. గాలి నమూనాలు పట్టడానికి వాడే సంచి. అర లీటరు పడుతుంది. మనిషి ఒక్కసారి మామూలుగా పీల్చే గాలి దాదాపు అంతే.

"పంపు గాలి వదిలే మూతికి ఇది తగిలించు. నిండేదాకా ఇక్కడే కూర్చో. ఆలోపు అన్న ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటాడో కాగితం మీద గీతలు పెట్టు."

"ఎందుకు సార్?"

"ఆయనకి చెప్పొద్దు," అని, ఆయన సింకు దగ్గరికి వెళ్లి పిపెట్లు కడగడం మొదలుపెట్టారు.

సంచి తగిలించి పంపు వేశాను. ఆశీర్వాదం గారికి ఎదురుగా స్టూలు లాక్కుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డగీత.

"ఏం బాబూ, పెళ్లికొడుకులా ఉన్నావు ఇవాళ," అన్నాడాయన.

"ఏం లేదండీ."

"నీ పెట్టె... ఎంత వరకొచ్చింది?"

"అయిపోవచ్చిందండీ."

ఆయన తల ఊపాడు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఊపిరి తీసుకునేవాడు. మూడేళ్లుగా ఆయన మాట విన్నాను కానీ ఆ మధ్య ఖాళీని వినలేదు. ఇప్పుడు ఆ ఖాళీలే నా పని. గీత. గీత. గీత.

పది నిమిషాలు అయ్యాయి. కాగితం ఒక వైపు మూడో వంతు నిండింది. సంచి వైపు చూశాను. ముడతలు ముడతలుగా, ఎండిన అత్తిపండులా వేలాడుతోంది.

ఎక్కడో లీకు ఉందేమోనని లేచి గొట్టాలన్నీ తడిమాను. సబ్బు నీళ్లు రాశాను. బుడగ రాలేదు. ఎక్కడా లీకు లేదు. దాటేది అంతే.

మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఆశీర్వాదం గారు పాత కబురొకటి ఎత్తుకున్నాడు. ఎవరో పెద్ద సైంటిస్టు విదేశం నుంచి తెప్పించిన గాజు పంపు దారిలో పగిలిపోతే, బొమ్మ చూసి తానే దాన్ని మళ్లీ చేసిన సంగతి.

"లోపల ఇంకో గొట్టం... దాంట్లో ఇంకోటి. మూడూ ఒకేసారి... అతకాలి. పొద్దున కూర్చుంటే... మధ్యాన్నం అయింది. లేచి చూసుకుంటే... చొక్కా పిండొచ్చు."

"పగల్లేదా?"

"నా చేతిలో పగలడమా!" అని నవ్వబోయాడు. నవ్వు దగ్గుగా మారింది. దగ్గు ఆగేసరికి మొహం నల్లబడింది. కుర్చీ చేతుల్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ అర నిమిషంలో నేను ఇరవై గీతలు పెట్టాను. గీతలు వంకరపోయాయి.

లేచి నీళ్లిచ్చాను. గుటక వేసి గ్లాసు తిరిగిచ్చాడు. సింకు దగ్గర నీళ్ల చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

అరగంట. సంచి సగం పైన ఉబ్బింది. నా కాగితం రెండో వైపుకి తిప్పాను. కిటికీ బయట తురాయి చెట్టు కింద ఎవరో సైకిలు బెల్లు మోగించారు. నాకు ఆ గదిలో రెండే కనిపిస్తున్నాయి. ఆయన మెడ దగ్గర ఎగిరి పడే నరం, పంపు మూతి దగ్గర పెరగీ పెరగని ఆ సంచి.

"నా ఊపిరే కదూ లెక్కెడుతున్నావు?"

ఉలిక్కిపడ్డాను.

ఆశీర్వాదం గారు నా కాగితం వైపు చూస్తున్నాడు. కోపం లేదు. కళ్లలో ఒక తమాషా ఉంది.

"ముప్పైరెండేళ్లు... ఊపిరి లెక్కెట్టుకునే బతికాను బాబూ. ఒకటి ఎక్కువ ఊదితే బుడ్డి... పగిలిద్ది. తక్కువ ఊదితే సొట్ట. నాకు తెలీకుండా... నా ఊపిరి లెక్కెడతావా?"

"తప్పయిందండీ."

"తప్పేముంది. ఎన్నొచ్చినయ్యి?"

అప్పుడే సంచి నున్నగా బిగిసింది. గడియారం చూశాను. నలభై నిమిషాలు. గీతలు కట్టలు కట్టలుగా లెక్కపెట్టాను.

"తొమ్మిది వందల నలభై," అన్నాను.

"ఆ సంచి ఎవరికి?"

"మీకేనండీ."

మూతి నొక్కిపట్టి సంచి ఊడదీసి, దానికి గొట్టం తగిలించి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని ఒక క్షణం అరచేతుల్లో ఆడించి చూశాడు. వేడి గాజు బుడ్డిని పరీక్షించినట్టు. తర్వాత గొట్టం నోట పెట్టుకుని, కళ్లు మూసుకుని, లోపలికి లాగాడు.

సంచి ఒక్కసారిగా చదునైపోయింది.

ఆయన కళ్లు తెరవలేదు. ఆ గాలిని అలాగే లోపల పట్టి ఉంచాడు. మెడ నరం ఒక్క క్షణం నెమ్మదించింది. తర్వాత వదిలాడు.

"బాగుంది బాబూ," అన్నాడు. "చల్లగా ఉంది. ఇంకోటుందా?"

ఖాళీ సంచి నా చేతిలో పెట్టి, అమాయకంగా, మంచినీళ్లు ఇంకో గ్లాసు అడిగినట్టే అడిగాడు. నేను తల దించుకున్నాను. సింకు దగ్గర దస్తగీర్ గారు చివరి పిపెట్టు కడిగి, స్టాండులో నిలబెట్టి, చేతులు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం ఆయన గదికి వెళ్లాను. వ్యాసం బల్ల మీద నేను పెట్టిన చోటే ఉంది. గీతల కాగితం దాని పక్కన పెట్టాను. ఆయన గీతల కాగితం చూడలేదు. వ్యాసం తీసి నా చేతికిచ్చారు.

"గడువు శనివారం కదప్పా?"

"ఈసారికి వద్దు సార్."

ఆయన సరేనన్నట్టు తల ఊపారు.

ఆ ఏడు నేను పుణె వెళ్లలేదు. నా తోటివాళ్లు వెళ్లొచ్చారు. గ్రాఫు కొత్తగా గీశాను. ఈసారి రెండు గీతలు. ఒకటి ఎక్కుతోంది, ఒకటి దిగుతోంది. రెండూ ఒకదాన్నొకటి దాటే చోటు కోసం కాదు, ఆ దిగే గీత ఎంత దూరం దిగితే మనిషి తట్టుకోగలడో దాని కోసం వెతికాను. నా వ్యాసం అచ్చయ్యేసరికి ఇంకెక్కడో ఇంకెవరో ఫినైల్ పొరల మీద రాసేశారు. ముందు రాసిన పేరు నాది కాలేదు. అప్పుడు బాధపడ్డాను. లేదనను.

ఫినైల్‌ని పూర్తిగా వదిలేద్దామని ఒకసారి అన్నాను. దస్తగీర్ గారు నా నోట్సు తెరిచి, మొదటి మెట్టు దగ్గర వేలు పెట్టారు. నూటికి పది. అక్కడ ఆక్సిజన్ ముప్పై నాలుగు. గాలి కొంచెమే తగ్గింది. నలభై ఒకటి మీది మోజులో నేను మళ్లీ తిరిగి చూడని మెట్టది.

"దీన్ని పల్చగా పోయ్," అన్నారు.

పల్చగా పోయడానికి అయిదు నెలలు పట్టింది. ఎనామిలు ట్రేలో నీళ్లు పోసి, నీటి మీద పాలిమర్ ద్రావణం చుక్క విడిచి, అది నూనెలా పరుచుకుంటే ఇద్దరం చెరో వైపూ ఫ్రేము పట్టుకుని పైకి లేపేవాళ్లం. ఊపిరి బిగబట్టి లేపాలి. ఎవరు తుమ్మినా పోయేది. ఆయనకి అప్పటికే యాభై ఏడు. చేతులు నాకంటే నిలకడగా ఉండేవి. ఆ అయిదు నెలలు నా జీవితంలో చాలా నిశ్శబ్దంగా గడిచిన రోజులు. ఇప్పుడు తలుచుకుంటే ట్రేలో ఆ నీటి తళుకు, దాని మీద వంగిన ఆయన నెరిసిన తలా కనిపిస్తాయి. అంత సుఖంగా నేను మళ్లీ పనిచెయ్యలేదు.

ఫ్రేములు పది రెట్లయ్యాయి. పెట్టె ట్రంకు పెట్టెంత అయింది. డిసెంబరు మొదటి వారంలో దాన్ని ఆటోలో పెట్టుకుని, ఇద్దరం చెరో వైపు పట్టుకుని కూర్చుని, మెట్టుగూడలో ఆశీర్వాదం గారింటికి తీసుకెళ్లాం. ఆయన భార్య సుగుణమ్మ గారు మంచం పక్కన చోటు చేసి, చాప తీసి, నేల తుడిచి పెట్టింది.

పంపు వేసి, సన్న గొట్టం ఆయన ముక్కుకి ఆనించాం. ఆయన ఒకసారి పీల్చాడు. ఆగి, మా ఇద్దరి వైపూ చూశాడు. గాలి వస్తూనే ఉంది. ఇంకోసారి పీల్చాడు. ఇంకోసారి. అరగంట పోయాక నేను అలవాటుగా ఆయన ఊపిరి లెక్కపెట్టబోయి, ఆపేశాను.

"ఒసే, అన్నం పెట్టు," అన్నాడాయన భార్యతో.

ఆవిడ కంచం పట్టుకొచ్చింది. మునగాకు పప్పు, అన్నం. గొట్టం ముక్కు దగ్గర ఉండగానే, మధ్యలో ఆగకుండా, కంచం ఖాళీ చేశాడు. సుగుణమ్మ గారు గుమ్మానికి ఆనుకుని ఆయన తినడమే చూస్తూ నిలబడింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

"పావుగంటలో అయిపోయింది సార్ తినడం," అంది తర్వాత దస్తగీర్ గారితో, వీధి గుమ్మం దాకా వచ్చి. "రోజూ గంటన్నర పట్టేది."

ఆ క్రిస్మస్‌కి నన్ను భోజనానికి పిలిచారు. చుట్టుపక్కల వాళ్లు వచ్చి పాటలు పాడుతుంటే ఆయన మంచం మీద కూర్చుని, గొట్టంతోనే, ఒక చరణం మొదలు నుంచి చివరి దాకా అందరితో కలిసి పాడాడు. శ్రుతి లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఆయన రెండేళ్ల చిల్లర బతికాడు. ల్యాబుకి రావడం మానేశాడు. మేమే గురువారాలు వెళ్లేవాళ్లం. పొరలు మార్చాల్సి వస్తే మార్చేవాళ్లం, లేకపోతే ఊరికే కూర్చునేవాళ్లం. ఆయన పోయాక సుగుణమ్మ గారు పెట్టె తిరిగి పంపించింది. దాని మీద దారంతో అల్లిన తెల్లని గుడ్డ కప్పి ఉంది. దుమ్ము పడకుండా అట. ఆ గుడ్డని ఎవరం తియ్యలేదు.

నాకు పట్టా వచ్చింది. అక్కడే చిన్న ఉద్యోగమూ వచ్చింది. మరి కొన్నాళ్లకి దస్తగీర్ గారు రిటైరై, నంద్యాల వెళ్లిపోతానన్నారు. ఉండమని చాలామంది చెప్పారు. "అమ్మ ఒక్కతే ఉందప్పా," అన్నారు. ఆవిడకి అప్పటికి ఎనభై దాటాయి.

కాచిగూడ స్టేషనుకి నేనొక్కణ్ణే వెళ్లాను. పెద్ద వీడ్కోలు ఆయనే వద్దన్నారు. ఒక ట్రంకు, ఒక పరుపు చుట్ట, మంచినీళ్ల కూజా. పొద్దు ఇంకా ఉంది. ప్లాట్‌ఫారం మీద పల్లీలమ్మే వాడి దగ్గర రెండు పొట్లాలు కొని, ఒకటి నాకిచ్చారు. బెంచీ మీద పక్కపక్కన కూర్చుని వలుచుకు తిన్నాం.

ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను.

"సార్, ఆ రోజు వ్యాసంలో నేను సగమే రాశానని మీకు చూడగానే తెలుసు. ఆశీర్వాదం గారి గురించి నేనన్న మాట కూడా విన్నారు. నన్ను పిలిచి తిడితే అయిపోయేది కదా. ఎందుకు తిట్టలేదు?"

ఆయన పొట్లంలో మిగిలిన పల్లీలు నా చేతిలో ఒంపేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బండి వస్తున్న చప్పుడైంది. జనం లేచారు. ఆయన కూడా లేచి కూజా అందుకున్నారు.

"తిట్టింటే నీకు అన్న ఊపిరి కాదు, నేను గుర్తుండేవాణ్ణప్పా," అన్నారు.